గోటూ గొడవ

మామయ్య ఎనభైల చివరినుంచి డాస్ కంప్యూటర్ల మీద దుకాణాలకూ చిట్టీల ఆఫీసులకూ జీడబ్ల్యూ బేసిక్‌లో బిల్లుల ప్రోగ్రాములు రాసినవాడు. రాసినవాటికంటే ఇంకొకరు రాసి వదిలేసినవి బాగుచేసి బతికిన రోజులే ఎక్కువ. మేనకోడలు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఈ వేసవిలో తన అపార్టుమెంటు పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతోంది. పైథాన్‌తో మొదలుపెట్టకుండా, ల్యాప్‌టాప్‌లో డాస్ ఎమ్యులేటర్ పెట్టి మరీ పాత బేసిక్ చెబుతోంది. ఇలాంటి వాదాల్లో మామూలుగా పాతతరం పాతదాన్ని వెనకేసుకొస్తుంది, కొత్తతరం కొట్టిపారేస్తుంది. ఇక్కడ వరస తిరగబడింది. అందుకే దీన్ని రాసిపెట్టాలనిపించింది.

మామయ్య: మొదటిరోజే పిల్లలకు గోటూ చెప్పావట?

మేనకోడలు: చెప్పాను మామయ్యా. 10వ లైనులో పేరు ప్రింట్ చెయ్యి, 20వ లైనులో గోటూ 10, అంటే మళ్లీ 10కి వెళ్లు. అంతే ప్రోగ్రాం. తెరనిండా వాళ్ల పేర్లు పైకి పరుగెడుతుంటే ఒకటే కేకలు. కంట్రోల్, బ్రేక్ కలిపి నొక్కితేగానీ ఆగలేదు. యంత్రం చెప్పింది చేస్తుంది, ఆపమనకపోతే ఆపదు. ఈ సంగతి రెండు లైన్లలో తెలిసిపోయింది. అదే వైల్ లూపుతో మొదలెడితే ముందు షరతంటే ఏంటో చెప్పాలి, అది నిజమవడం ఏంటో, అబద్ధమవడం ఏంటో చెప్పాలి. అప్పటికి సగంమంది కిందకెళ్లి క్రికెట్ ఆడుకుంటుంటారు.

మామయ్య: నా భయం కూడా అదే. అంత తేలిగ్గా వంటబట్టింది తర్వాత అంత తేలిగ్గా వదలదు. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1975లో ఏమన్నాడో తెలుసుగా? ముందుగా బేసిక్ తగిలిన విద్యార్థికి మంచి ప్రోగ్రామింగ్ నేర్పడం దాదాపు అసాధ్యమన్నాడు. వాళ్ల బుర్రలు బాగుపడే ఆశ లేనంతగా చెడిపోయాయని రాశాడు.

మేనకోడలు: నువ్వూ బేసిక్‌తోనేగా మొదలెట్టావు. నీ బుర్ర బాగానే ఉందే!

మామయ్య: అది మీ అత్తయ్యని అడగాల్సిన మాట. సరే, అది కోపంలో అన్నమాటే అనుకుందాం. దానికి ఏడేళ్ల ముందు, 1968 మార్చిలో, కంప్యూటర్ శాస్త్రవేత్తల సంఘం ఏసీఎం వాళ్ల పత్రికకు ఆయన రాసిన ఉత్తరం మాత్రం కోపంతో రాసింది కాదు. గోటూ హానికరమన్న ఆ పేరుమోసిన శీర్షిక కూడా ఆయన పెట్టింది కాదు. గోటూకు ఎదురుగా ఒక వాదన అన్నట్టు ఆయన సాదాగా ఓ పేరు పెడితే, సంపాదకుడు నిక్లాస్ విర్త్ దాన్ని మార్చాడు.

మేనకోడలు: ఆ విర్త్ గారే రెండేళ్లకు పాస్కల్ భాష తయారుచేసి అందులో గోటూ పెట్టారు. అదీ చెప్పు మరి!

మామయ్య: పెట్టాడు. అయితే గోటూ వాడాలంటే లేబుల్‌ని ముందే ప్రకటించి తీరాలన్నాడు. ఉత్తరంలో ఉన్న అసలు వాదన విను. నడుస్తున్న ప్రోగ్రాంని మధ్యలో ఆపామనుకో. ఇప్పుడెక్కడున్నాం అని అడిగితే ఏం చెబుతావు? లూపులతో, సబ్‌రొటీన్లతో కట్టిన ప్రోగ్రాంలో మూడు సంగతులు చెబితే చాలు. ఏ లైనులో ఉన్నాం, ఈ సబ్‌రొటీన్‌ని ఎవరు పిలిస్తే వచ్చాం, లూపు ఎన్నోసారి తిరుగుతోంది. గోటూలు విచ్చలవిడిగా ఉంటే మాత్రం 340వ లైనులో ఉన్నామని తెలుస్తుందిగానీ అక్కడికెలా వచ్చామో తెలియదు. 120 నుంచా, 780 నుంచా, 2050 నుంచా? గోటూ రాసిన లైనులో వెళ్లాల్సిన చోటు రాసుంటుంది. చేరిన లైనులో ఎక్కణ్ణుంచి వచ్చామన్నది రాసుండదు. నా నడుం వంగిపోయింది ఆ రెండోదాని దగ్గరే. 340ని మార్చాలంటే అక్కడికి ఎవరెవరు వస్తున్నారో ప్రింటవుట్ అంతా ఎర్ర పెన్నుతో వెతుక్కోవాలి.

మేనకోడలు: ప్రాసెసర్‌కి తెలిసిందల్లా జంపే కదా? నువ్వు ఎంత ముచ్చటగా లూపు రాసినా కింద అది షరతుమీద దూకడంగానే మారుతుంది. ఉన్న సంగతి పిల్లలకు మొదటిరోజే చూపిస్తే తప్పేముంది?

మామయ్య: యంత్రం చదివేది యంత్రానికి రాసుకుందాం. బేసిక్ ప్రోగ్రాంని రేపు ఇంకో మనిషి చదవాలి.

మేనకోడలు: సరే, మనుషుల సంగతికే వద్దాం. అసలు బేసిక్‌లో గోటూ ఎందుకుందో చూడు. అమెరికాలో హానోవర్ అనే చిన్న ఊళ్లో డార్ట్‌మత్ కాలేజీ. జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ ఇద్దరూ లెక్కల మాస్టర్లు. సాహిత్యం చదివే కుర్రాడు కూడా కంప్యూటర్ వాడగలగాలన్నది వాళ్ల పట్టుదల. 1964 మే 1 తెల్లవారుజామున 4 గంటలకు మొదటి బేసిక్ ప్రోగ్రాములు నడిచాయి. అప్పుడు తెరల్లేవు, టెలిటైపులే. కాయితం మీద టపటపా కొట్టుకుపోయే యంత్రం ముందు కూర్చుని, నాలుగో లైనులో తప్పు దిద్దాలంటే ఎలా? ఆ లైను నంబరు కొట్టి మళ్లీ రాయాలి. పాతది పోయి కొత్తది వస్తుంది. రెండింటి మధ్య ఇంకోటి ఇరికించాలంటే మధ్య నంబరు వెయ్యాలి. అంటే లైన్ నంబరు పుట్టిందే దిద్దుబాటు కోసం. అది ఎలాగూ ఉంది కాబట్టి గోటూకు చిరునామాగా కూడా పనికొచ్చింది. ఇంకో పేరు కనిపెట్టి, దాన్ని నేర్పాల్సిన బాధ తప్పింది.

మామయ్య: కొంప ముంచింది కూడా అదే! ఒకే నంబరుకి రెండు పనులు. దిద్దుబాటుకు నంబరు ఎప్పుడంటే అప్పుడు మారాలి. చిరునామా అయితే ఎప్పటికీ మారకూడదు. ఈ రెండింటికీ ఎలా కుదురుతుంది? అందుకే పదేసి అంకెలు వదిలి రాసేవాళ్లం. 340కీ 350కీ మధ్య తొమ్మిది లైన్లు పడతాయి. పదో లైను అవసరమైతే? 349లో గోటూ 5000 అని రాసి, అక్కడ మిగతాది కానిచ్చి, చివర గోటూ 350 అని వెనక్కి రావడం. ఇలాంటి అతుకులు పాతిక పడ్డ ప్రోగ్రాంని నా చేతికిచ్చి, సేల్స్ టాక్స్ రేటు మారింది, సాయంత్రానికి మార్చిపెట్టు అనేవాళ్లు.

మేనకోడలు: రీనంబర్ ఆజ్ఞ ఉందిగా? రీనమ్ కొడితే లైన్లకు కొత్త నంబర్లిచ్చి, గోటూల్లోనూ, వెళ్లి తిరిగొచ్చే గోసబుల్లోనూ ఉన్నవి కూడా సరిచేస్తుంది.

మామయ్య: జీడబ్ల్యూ బేసిక్‌లో ఉంది. కమడోర్ 64 కంప్యూటర్‌లో అదీ లేదు. ఉన్నచోట కూడా ఏం జరిగేదనుకున్నావు? ఏడాదిపాటు చూసి చూసి, టాక్సు లెక్క 2000లో ఉంటుంది, ప్రింటింగ్ 3000లో ఉంటుంది అని తలకెక్కించుకుంటాం. రీనమ్ కొట్టగానే ఆ జ్ఞాపకమంతా దండగ. పేరు లేనిచోట అంకే పేరవుతుంది. ఆ అంకె మారితే సొంత ప్రోగ్రామే కొత్తగా కనిపిస్తుంది.

మేనకోడలు: సింక్లెయిర్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ బేసిక్‌లో ఓ చిట్కా ఉంది. గోటూ పక్కన నంబరే ఉండాలని లేదు, లెక్కకట్టి నంబరొచ్చేది ఏదైనా పెట్టొచ్చు. కాబట్టి ముందు టాక్స్ అనే వేరియబుల్‌లో 2000 వేసి, తర్వాత గోసబ్ టాక్స్ అనుకోవచ్చు. పేరొచ్చిందిగా!

మామయ్య: వచ్చింది. రీనంబర్ చేసే ఏ సాధనానికీ అది అంతుపట్టదు. చేతికింద ఉన్నదానితో మనిషి పడే తంటాలివి. తెలివిని మెచ్చుకోవచ్చు, భాషని మాత్రం కాదు. ఇంకోటి చూడు. 1964 నాటి బేసిక్‌లో ఇఫ్ ఉందంటే దాని పక్కన దెన్, దెన్ పక్కన లైన్ నంబరు. అంతే. ఎల్స్ లేదు. ఇది చెయ్యి, కాకపోతే అది చెయ్యి అనాలన్నా రెండు గెంతులు గెంతాలి. అక్కడ గోటూ ఒకరు ఎంచుకున్న దారి కాదు. ఉన్నదే ఆ దారి.

మేనకోడలు: అందుకేగా మామయ్యా గోసబ్ పెట్టారు! గోటూ వెళ్లిపోతుంది. గోసబ్ ఎక్కణ్ణుంచి వెళ్లిందో గుర్తుపెట్టుకుని, రిటర్న్ అనగానే తిరిగొస్తుంది. నువ్వన్నావే, చేరినచోట వచ్చినచోటు రాసుండదని. గోసబ్‌లో అది యంత్రమే రాసుకుంటుంది.

మామయ్య: గోసబ్ మీద నాకూ గౌరవం ఉంది. తిరిగి రావడమన్నది చిన్న సంగతేం కాదు. 1949లో కేంబ్రిడ్జిలో ఎడ్‌శాక్ యంత్రం నడిచినప్పుడు అందులో తిరిగిరమ్మనే ఆజ్ఞే లేదు. డేవిడ్ వీలర్ ఓ ఉపాయం పన్నాడు. పిలిచే ప్రోగ్రాం తన చిరునామాని అక్యుములేటర్‌లో పెట్టుకుని దూకుతుంది. దూకినచోట సబ్‌రొటీన్ మొదట చేసే పని, ఆ చిరునామాతో ఓ జంప్ ఆజ్ఞ తయారుచేసి తన చివర్లో తానే నాటుకోవడం. తిరుగుదారిని తనలో తానే రాసుకునేదన్నమాట. వీలర్ జంప్ అంటారు దాన్ని. ఆ తంతంతా బేసిక్‌లో రిటర్న్ అనే ఒక్క మాటలోకి వచ్చింది. కాదనను.

మేనకోడలు: మరి గొడవేముంది? వారంరోజులు గోటూ, ఆ తర్వాత గోసబ్. పిల్లలు తామే పెద్ద ప్రోగ్రాంని ముక్కలు చేసుకోవడం నేర్చుకుంటారు.

మామయ్య: ముక్కలు చేస్తారు. ఆ ముక్కల మధ్య గోడలుండవు. విను. ఒక కిరాణా బిల్లు. 300వ లైనులో ఫర్ ఐ = 1 టు 10, పది సరుకులు వరుసగా అచ్చెయ్యాలి. ప్రతి సరుకు కిందా ఒక గీత రావాలి. గీత గియ్యడానికి 2000లో సబ్‌రొటీన్. అందులో ఫర్ ఐ = 1 టు 40, ఒక్కో డ్యాష్ అచ్చెయ్యి, నెక్స్ట్ ఐ, రిటర్న్. నడిపితే ఏమవుతుంది?

మేనకోడలు: రెండుచోట్లా ఐ! గీత పూర్తయ్యేసరికి ఐ 41 అయివుంటుంది. తిరిగొచ్చాక నెక్స్ట్ అనగానే పది దాటిపోయిందని లూపు ముగిసిపోతుంది. బియ్యం ఒక్కటే అచ్చయి బిల్లు అయిపోతుంది.

మామయ్య: ఎర్రర్ కూడా రాదు! యంత్రం లెక్కలో అంతా సవ్యమే. రెండు ముక్కల్నీ విడివిడిగా చదివితే రెండింటిలోనూ తప్పు లేదు. తప్పంతా రెంటినీ కలిపినప్పుడు. గోసబ్ వెళ్లినచోటుని గుర్తుపెట్టుకుంటుంది, వెళ్లేనాటికి మన వేరియబుళ్లలో ఏముందో గుర్తుపెట్టుకోదు. ప్రోగ్రాం మొత్తానికీ ఒకటే ఐ. సబ్‌రొటీన్‌కి సరుకిచ్చి పంపడం లేదు, ఫలితం చేతికి తీసుకోవడం లేదు. అన్నీ ఉమ్మడి గదిలో పడేసి, వాడు ముట్టుకోకూడనిది ముట్టుకోడులే అని నమ్మడమే.

మేనకోడలు: దానికి కట్టుబాట్లుండేవిగా? సబ్‌రొటీన్లలో వాడే పేర్లు జెడ్‌తో మొదలవ్వాలి, అలాంటివి.

మామయ్య: ఉండేవి. ఒక్కో ఆఫీసుకి ఒక్కో కట్టుబాటు. పాటించినవాడు ఉద్యోగం మారితే అదీ వాడితోనే వెళ్లిపోయేది. మనిషి జ్ఞాపకం మీద నడవాల్సినదాన్ని భాష చూసుకోవాలన్నదే నా వాదన. తమాషా ఏంటంటే ఈ సంగతి కెమెనీకీ కర్ట్జ్‌కీ మొదటిరోజునుంచే తెలుసు. డెఫ్ ఎఫ్ఎన్ గుర్తుందా?

మేనకోడలు: ఒక్క లైను ఫంక్షన్. ఎఫ్ఎన్ఏ నుంచి ఎఫ్ఎన్‌జెడ్ దాకా ఇరవయ్యారు పేర్లు. డెఫ్ ఎఫ్ఎన్ఆర్ బ్రాకెట్లో ఎక్స్ అని రాసి, దాన్ని వందతో గుణించి, అర కలిపి, ఇంట్ తీసి, మళ్లీ వందతో భాగిస్తే పైసలకు రౌండ్ అవుతుంది. నాకు భలే ఇష్టం.

మామయ్య: ఆ బ్రాకెట్లో ఎక్స్‌ని చూడు. ప్రోగ్రాంలో ఇంకోచోట ఎక్స్ అనే వేరియబుల్ ఉందనుకో. ఎఫ్ఎన్ఆర్‌ని పిలిస్తే బయటి ఎక్స్ చెక్కుచెదరదు. లోపలి ఎక్స్ లోపలిదే. విలువ ఇచ్చి పంపుతాం, విలువ చేతికొస్తుంది. సబ్‌రొటీన్‌కి లేని గోడ 1964లోనే ఫంక్షన్‌కి ఉంది. ఒక్క లైనుకి కట్టిన గోడని పది లైన్లకి కట్టలేదు. నేను బేసిక్‌ను తప్పుపట్టేది ముఖ్యంగా ఇక్కడే. గోటూ గురించి లోకమంతా అరిచింది. ఈ ఉమ్మడి వేరియబుళ్ల గురించి అరిచినవాళ్లు తక్కువ. నేను రాత్రుళ్లు వెతికిన తప్పుల్లో గోటూ చేసినవాటికంటే ఇవే నన్ను ఎక్కువ ఏడిపించాయి.

మేనకోడలు: చూశావా, గోటూని తిట్టడానికొచ్చి గోసబ్‌ని తిడుతున్నావు! నా పక్షం బలపడుతోంది.

(ఇక్కడ నాకు మేనకోడలి మాటే నిజమనిపించింది. మామయ్య మొదలుపెట్టింది ఒక నేరస్థుడితో, సాక్ష్యాలు చూపిస్తున్నది ఇంకొకడి మీద. ఆయనకూ అది తట్టినట్టుంది, వెంటనే రెండింటినీ ఒక బోనులో నిలబెట్టాడు.)

మామయ్య: రెండూ చేతులు కలిపితే ఏమవుతుందో చెబుతాను. ఒకచోట బిల్లింగ్ ప్రోగ్రాం. పొద్దున్న చక్కగా నడిచి, మధ్యాహ్నం దాటాక అవుటాఫ్ మెమరీ అని చచ్చిపోయేది. ఆపి మళ్లీ మొదలెడితే సాయంత్రందాకా ఫరవాలేదు. కొత్త మెమరీ చిప్పులు కొనాలన్నాడు అక్కడి మేనేజరు. విప్పి చూస్తే, బిల్లు ఎక్కించే పనంతా ఒక గోసబ్. మధ్యలో కొనేవాడు వద్దన్నాడనుకో, గుమాస్తా సి నొక్కుతాడు. అక్కడ రాసుంది గోటూ 100, అంటే మెయిన్ మెనూకి గెంతడం. గోసబ్‌లోంచి రిటర్న్ లేకుండా పారిపోయాడన్నమాట. తిరిగిరావాల్సిన చిరునామా, వాటిని దాచుకునే స్టాక్‌లో అలాగే మిగిలిపోయింది. ఎన్ని బిల్లులు రద్దయితే అన్ని చిరునామాలు పేరుకున్నాయి. స్టాక్ నిండిన క్షణాన ప్రోగ్రాం ఆగిపోయింది. బేరం తెగనివాళ్లు ఎక్కువ వచ్చిన రోజు త్వరగా ఆగేది.

మేనకోడలు: అది గోటూ తప్పెలా అవుతుంది? రాసినవాడికి రిటర్న్ సంగతి తెలియకపోవడం. జీడబ్ల్యూ బేసిక్‌లో రిటర్న్ 100 అని కూడా రాయొచ్చు. స్టాక్‌లోది తీసేసి నేరుగా 100కి వెళ్తుంది.

మామయ్య: అది రిటర్న్ వేషం కట్టిన గోటూ. పిలిచినవాడు తనదగ్గరికి తిరిగొస్తాడని చూస్తుంటే వీడు ఇంకెటో వెళ్లిపోతాడు. ఆ వదిలెయ్యడాన్ని యంత్రం ఒప్పుకుంది, అంతే తేడా. దీనికి అటువైపు తప్పు ఇంకోటుంది. మెయిన్ ప్రోగ్రాం అయిపోయాక ఎండ్ రాయడం మర్చిపోతే? కింద ఉన్న సబ్‌రొటీన్‌లోకి ఎవరూ పిలవకుండానే జారిపోతుంది. చివర్లో రిటర్న్ తగులుతుంది, వెళ్లడానికి చోటుండదు. రిటర్న్ వితౌట్ గోసబ్. జీడబ్ల్యూ బేసిక్ ఎర్రర్ల పట్టికలో 3వ నంబరు.

మేనకోడలు: అది నిన్న మా క్లాసులో ముగ్గురికి వచ్చింది. ఒకడైతే అడిగాడు, నేను గోసబ్ రాశానుగా, లేదంటుందేంటి అని.

మామయ్య: వాడి ప్రశ్న న్యాయమైనది. సబ్‌రొటీన్ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో ఆ భాషకి తెలియదు. రిటర్న్ ఉన్న లైన్లన్నీ దానికి మామూలు లైన్లే. అదే బీబీసీ బేసిక్ చూడు. 1981లో సోఫీ విల్సన్ రాసింది. డెఫ్ ప్రాక్ అని మొదలుపెట్టి, పేరిచ్చి, బ్రాకెట్లో తీసుకునేవి రాసి, లోకల్ అని సొంత వేరియబుళ్లు ప్రకటించి, ఎండ్ ప్రాక్ అని ముగించొచ్చు. ఫంక్షన్లు కూడా ఎన్ని లైన్లైనా రాయొచ్చు. ఫ్యాక్టోరియల్ తననుతానే పిలుచుకుని లెక్కకట్టేది. మనదేశంలో 1984-85లో క్లాస్ అనే పథకం కింద బడులకు ఇచ్చింది ఆ బీబీసీ మైక్రోలే. ఆ పిల్లల చేతిలో గోడలున్న భాష ఉంది. అదే రోజుల్లో సందుసందునా వెలిసిన కంప్యూటర్ కోచింగ్ సెంటర్లలో ఐబీఎం తరహా పీసీలొచ్చాయి. వాటితో జీడబ్ల్యూ బేసిక్ వచ్చింది. ఫీజులు కట్టి మేం నేర్చుకున్నది వెనకబడ్డ రకాన్ని.

మేనకోడలు: కెమెనీ, కర్ట్జ్ కూడా ఆ వీధి బేసిక్‌లను చూసి మొత్తుకున్నారు. 1985లో ట్రూ బేసిక్ అని తామే మళ్లీ ఒకటి తెచ్చారు. అప్పటికి ఎవరి యంత్రంలో ఏది ఉందో అదే వాళ్లకు బేసిక్. ఒక్కటి చెప్పనా మామయ్యా? నాలుగు కేబీలో భాష మొత్తం ఇమడాలి. 1975లో ఆల్టేర్ యంత్రానికి గేట్స్, ఆలెన్ రాసిన చిన్నరకం బేసిక్ అంతే. అంత ఇరుకులో లోకల్ వేరియబుళ్లు ఎక్కడ పెడతావు? గోటూకి కావలసిందల్లా ఒక నంబరు, దాన్ని వెతకడం. కమడోర్ 64లో వెనక్కి దూకాలంటే మొదటి లైనునుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చేది. అందుకే ఎక్కువగా పిలిచే సబ్‌రొటీన్లని పైన చిన్న నంబర్లలో పెట్టి, 10వ లైనులో వాటిని దాటి గెంతేవాళ్లు. చదివేవాడికి తలకిందులుగా ఉన్నా యంత్రానికి వేగం. పేదింటి కాపురాన్ని చూసి మేడ లేదేమని తప్పుపట్టకూడదు.

మామయ్య: పేదరికం పోయాక కూడా ఆ అలవాటు పోలేదనే నా బాధ. 1991లో ఎంఎస్ డాస్ 5తో క్యూబేసిక్ వచ్చింది. లైన్ నంబర్లు అక్కర్లేదు. సబ్, ఫంక్షన్ వచ్చాయి. వాటి లోపలి వేరియబుళ్లు వాటివే. ఒక సబ్‌లోంచి ఇంకో సబ్‌లోకి గోటూతో దూకడం కుదరదు. అయినా మావాళ్లు పాత ప్రోగ్రాంని తెచ్చి, లైన్ నంబర్లతో సహా అందులో పోసి, అదే నడిపారు.

మేనకోడలు: ఆ గోడకి కన్నం కూడా ఉంది, అది చెప్పవేం? క్యూబేసిక్‌లో సబ్‌కి ఒక వేరియబుల్ ఇచ్చి పంపితే కాపీ వెళ్లదు, ఆ వేరియబులే వెళ్తుంది. లోపల మారిస్తే బయటా మారుతుంది. మారకూడదంటే దాన్ని ఇంకో జత బ్రాకెట్లలో పెట్టి పంపాలి. ఒక జత బ్రాకెట్లు మర్చిపోతే నీ కిరాణా బిల్లు మళ్లీ బియ్యంతోనే ఆగిపోతుంది.

మామయ్య: ...ఒప్పుకుంటాను. అయితే ఇక్కడ ఏది బయటికి వెళ్తోందో పిలిచిన లైనులోనే కనిపిస్తుంది. వెతకాల్సింది ఒక్క బ్రాకెట్లో. గోసబ్ 2000 అన్న లైను చూస్తే అది ఏయే వేరియబుల్‌ని తొక్కుతుందో ఆచూకీ కూడా ఉండదు.

మేనకోడలు: సరే, అది నీకే. ఇప్పుడు నా అసలు ప్రశ్న. నువ్వు చెప్పిన గోడలన్నీ కట్టేశారు. బోమ్, జకోపినీ అనే ఇద్దరు 1966లోనే నిరూపించారు, వరుసగా చెయ్యడం, రెంట్లో ఒకటి ఎంచుకోవడం, మళ్లీ మళ్లీ చెయ్యడం, ఈ మూడుంటే ఏ ప్రోగ్రామైనా రాయొచ్చని. గోటూ అక్కర్లేదని లెక్క తేలిపోయింది. అయినా అది చావలేదేం? 1974లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్, గోటూ తీసేస్తే బాగుండే చోట్లూ, ఉంచితేనే బాగుండే చోట్లూ రెండూ చూపిస్తూ పెద్ద వ్యాసం రాశాడు. ఈరోజుకీ లినక్స్ కెర్నల్ కోడ్ తెరిస్తే గోటూలు కనిపిస్తాయి. మెమరీ తీసుకున్నాం, తాళం వేశాం, మూడో మెట్టులో పని చెడింది. తీసుకున్నవన్నీ వరుసగా వెనక్కిచ్చేసి బయటపడాలి. అక్కడ గోటూ ఒక్కటే శుభ్రంగా ఉంటుంది. నీ మూడు పద్ధతులతో రాస్తే ఇఫ్‌లో ఇఫ్, అందులో ఇఫ్, పైగా పని చెడిందని గుర్తుకు ఒక ఫ్లాగు.

మామయ్య: కెర్నల్‌లో ఆ గోటూ ఎటు వెళ్తుంది? కిందికి, ఆ ఫంక్షన్ చివరికి. సీ భాషలో గోటూ ఫంక్షన్ దాటి వెళ్లలేదు. గోడల మధ్య గెంతితే నాకు అభ్యంతరం లేదు. బేసిక్‌లో గెంతడానికి ప్రోగ్రామంతా మైదానమే.

మేనకోడలు: అంటే నీ అభ్యంతరం గెంతు మీద కాదు, గోడ లేకపోవడం మీద.

మామయ్య: ఇంతసేపూ మరి అదేగా చెబుతున్నది!

మేనకోడలు: చెప్పలేదు మామయ్యా, మొదటిరోజే గోటూ చెప్పానని కదా పోట్లాటకొచ్చావు! పోనీ, ఇది విను. 2002లో మైక్రోసాఫ్ట్ వాళ్లు విజువల్ బేసిక్ డాట్‌నెట్ తెచ్చినప్పుడు పాతవి చాలా తీసేశారు. గోసబ్ పోయింది. గోటూ ఉంది. లోకమంతా ముప్ఫైనాలుగేళ్లు తిట్టింది మిగిలింది, బుద్ధిమంతుడనుకున్నది పోయింది. దీనికేమంటావు?

మామయ్య: గోసబ్‌కి ఉన్నది ఒకటే పని, వెళ్లి తిరిగి రావడం. ఆ పనిని సబ్, ఫంక్షన్ గోడలతో సహా ఇంకా బాగా చేస్తున్నాయి. ఇక దానికి చోటులేదు, తీసేశారు. గోటూ మిగతావేవీ చెయ్యని పనులన్నిటికీ మిగిలిన పనివాడు. దాని స్థానంలో పెట్టడానికి ఒక్కటంటూ దొరకలేదు.

మేనకోడలు: మిగిలిన పనివాడా, తప్పనిసరి పనివాడా?

ఈ ప్రశ్నకు మామయ్య జవాబు చెప్పలేదు. కాఫీ తాగి, పిల్లలకు రెండోవారంలో ఆ కిరాణా బిల్లు ప్రోగ్రాం ఇమ్మన్నాడు. ముందు నడవనిచ్చి, బియ్యం దగ్గర ఎందుకాగిందో వాళ్లనే కనుక్కోమని చెప్పమన్నాడు. మేనకోడలు సరేనంది. గోటూని మాత్రం మొదటిరోజునుంచి తీసెయ్యనంది. నా మొగ్గు మామయ్యవైపే. ముక్కల మధ్య గోడ లేకపోవడమే పాత బేసిక్‌లో పెద్ద లోటు. ఆయన మొదట్లోనే ఆ మాట అనివుంటే ఈ వాదం ఇంతదూరం వచ్చేది కాదు.

ఇదంతా పాతకథ అనుకునేవారికి ఒక సంగతి. ఎక్సెల్ మాక్రోల భాష వీబీఏలో గోసబ్ ఇప్పటికీ పనిచేస్తుంది. రిటర్న్ వితౌట్ గోసబ్ ఇప్పటికీ 3వ నంబరు ఎర్రరే. ఆన్ ఎర్రర్ గోటూ అని ఓ లేబుల్ పేరు రాసి, ఆ లేబుల్‌కు పైన ఎగ్జిట్ సబ్ పెట్టడం మరిస్తే, పనంతా సవ్యంగా జరిగాక కూడా ప్రోగ్రాం ఎర్రర్ భాగంలోకి జారిపోయి ఖాళీ సందేశం చూపిస్తుంది. ఆఫీసులో మీరు రాసిన మాక్రో ఏదైనా ఉంటే ఒకసారి తెరిచి చూసుకోండి.